నాయన కడుపు మీద తన్ను

చింతాద్రిపేటలో మా ఇంటికీ చిన్నాయన ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఆ గోడ ఎవరిదన్న తగాదాలో, నాకు పదమూడేళ్లప్పుడు, చిన్నాయన మా నాయనను వాకిట్లో పడేసి కడుపు మీద తన్నాడు. చెప్పుకాలితో, రెండుసార్లు. నాయన మోకాళ్లు ముడుచుకుని అట్లాగే పడుండిపోయాడు. ఏడాది తిరగకముందే ఆయన పేగులో గడ్డ ఉందన్నారు. నలభై నాలుగేళ్లకే పోయాడు.

మా అన్నకప్పుడు పంతొమ్మిది. తన్నిన చోటే గడ్డ లేచిందని అన్న నమ్మాడు. ఇంటిల్లిపాదీ నమ్మాం. పదకొండో రోజు చిన్నాయన వచ్చి వాకిట్లో నిలబడగానే, అన్న మా స్పేరు పార్టుల కొట్లోంచి జాకీ రాడ్డు తెచ్చి ఆయన దవడ మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. రెండు పళ్లు గచ్చు మీద పడ్డాయి. చిన్నాయన కొడుకు, నా ఈడువాడు, అరుస్తూ వచ్చి అన్న చెయ్యి కొరికి పట్టుకున్నాడు. వాణ్ణి విడిపించడానికి ముగ్గురు కావలసి వచ్చింది.

వాళ్లు రెండు వీధుల అవతలికి ఇల్లు మారారు. ఆ తర్వాత ఇరవై ఆరేళ్లు ఎక్కడ ఎదురుపడినా కొట్టుకోవడమే. ఒకసారి చిన్నాయన కొడుకు అన్న తల మీద సోడా సీసా పగలగొట్టాడు. ఇంకోసారి అన్న వాడి చెయ్యి కారు తలుపులో పెట్టి మూశాడు.

అన్నకు నలభై అయిదో ఏట మలంలో రక్తం కనబడింది. పేగు కోసి గడ్డ తీశారు, కీమో ఇచ్చారు. ఆ నెలల్లో అన్న ఇంట్లో పళ్లెం విసరని రోజు లేదు. ఒక రోజు వేడి రసం గిన్నె వదిన భుజానికి తగిలి చర్మం ఊడింది. ఇంత వైద్యం చేసినా కాలేయంలో కొత్త మచ్చలు వచ్చాయి.

వేరే ఆసుపత్రికి పోతే, అక్కడి డాక్టరమ్మ స్కాను చూసి తలాడించింది. "ఈ మందు పనిచెయ్యలా. ఊరికే ఇంకోటి మార్చేకంటే, గడ్డలో జన్యువులు ఎట్లుండాయో చదివిద్దాం. దేనికి లొంగుతుందో తెలస్తాది" అంది. ఆపరేషన్‌లో తీసిన ముక్కను మైనంలో పెట్టి మొదటి ఆసుపత్రిలోనే దాచి ఉంచారట. దాన్ని తీసుకురావాలి.

షోళింగనల్లూరులో నా ఆఫీసుకు సెలవు పెట్టి అన్నతో ఆ మొదటి ఆసుపత్రికి వెళ్లాను. కౌంటరులో ఉన్న ఉద్యోగి అప్పటికే అన్నను రెండుసార్లు తిప్పి పంపాడు. మూడోసారి కూడా "సోమవారం రండి సార్" అన్నాడు.

"సోమవారానికి నేనుంటానా లేనా, నువ్వు చెప్తావారా?" అంటూ అన్న వాడి కాలరు పట్టి లాగాడు. వాడి తల కౌంటరు అద్దానికి కొట్టుకుని అద్దం పగిలింది. నేను అన్న నడుం పట్టి లాగాను. అన్న మోచెయ్యి తగిలి నా పెదవి చిట్లింది. కాపలావాళ్లు ఇద్దరు అన్న చేతులు వెనక్కి విరిచిపట్టారు. అన్న ఆపరేషన్ గాయం పట్టుకుని నేల మీద కూలబడ్డాడు. ఆ ఉద్యోగి నుదుటి మీద రక్తం తుడుచుకుంటూ లోపలికి పోయి, చిన్న మైనపు ముక్కను కవరులో పెట్టి తెచ్చి, అన్నకు కాదు, నా చేతికిచ్చాడు. క్షమించమన్నాను. "తీసుకొని పోండమ్మా" అన్నాడు.

నెల తర్వాత రిపోర్టు వచ్చింది. కణం తనను తాను నకలు తీసుకునేటప్పుడు తప్పులు పడతాయనీ, వాటిని దిద్దే ఏర్పాటు ఈ గడ్డలో చెడిపోయిందనీ డాక్టరమ్మ చెప్పింది. ఇలాంటి గడ్డ మీద, ఒంట్లోని రక్షణ శక్తినే ఉసిగొల్పే మందు బాగా పనిచేసే అవకాశముందట. ఆ లోపం పుట్టుకతోనే ఉందేమోనని అన్నకు రక్తపరీక్ష కూడా చేయించింది. ఉంది.

"మీ ఇంట్లో చిన్న వయసులో ఇది ఎవరికన్నా వచ్చిందా?"

"నాయనకు వచ్చింది మేడం. కడుపు మీద తన్నినారు, దాంతో వచ్చింది" అన్నాడు అన్న.

"తన్నితే క్యాన్సర్ రాదు సార్. ఈ లోపం ఆయనకు పుట్టుకతో వచ్చింది, ఆయన నుంచి మీకొచ్చింది. ఆయన తోడబుట్టినోళ్లుంటే వాళ్లకూ చెప్పాల."

బయటికొచ్చాక అన్న మెట్ల పక్క గోడకేసి పిడికిలితో గుద్దాడు. వేళ్ల కణుపులు పగిలేదాకా గుద్దుతూనే ఉన్నాడు.

ఆ ఆదివారం పొద్దున, నేను చెప్పివస్తానంటే వినకుండా అన్నే బయల్దేరాడు. నేనూ వెంట పోయాను. చిన్నాయన కొడుకు తలుపు తీశాడు.

"ఈడికెందుకొచ్చినావురా?" అంటూనే ఇనప అడ్డగడియ లాగి అన్న భుజం మీద వేశాడు. రెండో దెబ్బకు కనుబొమ చీలింది. అన్న చెయ్యెత్తలేదు. నాకు తెలిసి అన్న అట్లా నిలబడటం అదే మొదలు.

"ఆపరా! ఆ జబ్బు నీకూ ఉండొచ్చురా!" అని నేను గొంతు చించుకుని అరిచాను.

చిన్నాయన లోపల్నించి వచ్చాడు. వంకర దవడ, ఒక పక్కకే కదిలే నోరు. అన్న కంట్లోకి కారుతున్న రక్తం తుడుచుకోకుండానే చెప్పాడు. "నాయనను నువ్వు చంపలేదు చిన్నాయనా. అది మన రక్తంలోనే ఉండాదంట. నేను నిన్ను కొట్టింది తప్పు."

చిన్నాయన అన్న చొక్కా పట్టుకున్నాడు. "నేనే చంపినాననుకున్నా గదరా... ఇరవై ఆరేండ్లు" అన్నాడు. అంటూనే అన్నను చెంప మీద కొట్టాడు. మళ్లీ కొట్టాడు. చెయ్యి లేవనంత అలిసిపోయేదాకా కొట్టి, గుమ్మంలోనే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. కాసేపటికి నావైపు తిరిగి, "ఏం పరీక్ష పాపా? చెప్పు" అన్నాడు.

నాకా లోపం లేదు. చిన్నాయనకు ఉంది, ఆయన కొడుక్కీ ఉంది. కొడుకు పేగులో గొట్టం వేసి చూస్తే ఇంకా క్యాన్సర్‌గా మారని రెండు చిన్న బుడిపెలు కనబడ్డాయి, అక్కడికక్కడే తీసేశారు. అన్న కాలేయంలో మచ్చలు మూడో స్కానుకు సగానికి పైగా తగ్గాయి. మూడు వారాలకోసారి మందెక్కించుకుంటున్నాడు, కొట్లో కూర్చుంటున్నాడు. కోపం మాత్రం తగ్గలేదు.

చిన్నాయన కొడుకు ఇప్పటికీ మా గడప తొక్కడు. కానీ వాడు ఏటా ఆ గొట్టం పరీక్షకు పోవాలి. దానికి ముందు రోజు తిండి మానేసి, విరేచనాల మందు తాగి, దొడ్డికీ మంచానికీ మధ్య తిరుగుతూ మా అన్నకు ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిడతాడు. మొన్న రెండోసారి పోయేముందూ తిట్టాడు. వాడు ఆపేదాకా అన్న ఫోను చెవి దగ్గరే పెట్టుకుని విన్నాడు. తర్వాత, "రేపు ఎన్ని గంటలకురా?" అని అడిగాడు.