కుర్మయ్య వేళ్లకు పరీక్ష పెట్టిన సార్

ఈ మధ్య మా ఊళ్లో పాలు పోయించుకునే అతను ఒక పాత మోటార్ సైకిల్ కొన్నాడు. కిక్ కొట్టగానే అది ముసలాయనలాగ రెండుసార్లు దగ్గుతుంది, ఆగుతుంది, ఆలోచించుకుని అప్పుడు కదులుతుంది. ఆ దగ్గు వినపడితే చాలు, బడి వంటగదిలో నా చేయి తనంతట తనే ఇంకో గ్లాసు తీసి కడిగి చాయ్ కోసం పెడుతుంది. యాదగిరి సార్ బండి అచ్చం ఇట్లాగే దగ్గేది. సార్‌కు తిమ్మాజిపేట వైపు బదిలీ అయి చాలా రోజులైంది. ఆ సంగతి నా చేతికి మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు.

మాది గద్వాల నుంచి ధరూర్ పోయే తొవ్వలో, రోడ్డు దిగి లోపలికి నడవాల్సిన ఊరు. నేను మా ఊరి హైస్కూల్లో మధ్యాహ్నం అన్నం వండుతాను. ఐదో తరగతితో బడికి దండం పెట్టినదాన్ని. ఇంత పొడుగు రాయడం నాకెట్లా వచ్చిందని అనుకోకండి, ఫోన్‌లో మాట్లాడితే అదే రాసి పెడుతుంది. ఆ విద్య నేర్పింది కూడా యాదగిరి సారే. మొదటిరోజు ఫోన్ ముందు నోరు తెరవడానికి సిగ్గుపడితే, "బాలమణమ్మా, ఊరందరి మీద జోకులేస్తరు, గింత డబ్బకు భయపడ్తరా?" అన్నాడు. అంతే, మొదలుపెట్టాను. ఇప్పుడు ఫోనే నాకు భయపడుతుంది.

నేను బడి ఎందుకు మానేశానో చెప్పాలంటే మా దగ్గరి సీడ్ పత్తి గురించి చెప్పాలి. గింజల కోసం వేసే పత్తి అది. తుమ్మెద చేయాల్సిన పని మేం చేస్తాం. సాయంత్రం ఆడ చెట్ల మొగ్గలు ఒలిచి, లోపలున్న పుప్పొడి తిత్తులు తీసేయాలి. తెల్లవారినాక మగ చెట్టు పువ్వు తెచ్చి ఆ ఒలిచిన పువ్వు నడుమ నిలబడి ఉండే సన్న కాడకు మెల్లగా రుద్దాలి. దాన్నే క్రాసింగ్ అంటాం. ఈ పనికి చిన్నపిల్లల వేళ్లే కావాలని, అందులోనూ ఆడపిల్లల వేళ్లయితే ఇంకా మంచిదని మా ఊళ్లో అందరి నమ్మకం. పెద్దవాళ్ల వేలు తగిలితే కాడ విరుగుతుందని, మగవాళ్ల వేలు తగిలితే కాయ నిలవదని అనేవాళ్లు. పత్తి పూసే కాలంలో బడిలో ఆడపిల్లల బల్లలు సగం ఖాళీ. "రెండు నెల్లే గదా, మళ్ల పోతువు" అని నన్నూ అప్పుడు తీసుకపోయారు. ఆ రెండు నెలలు ఇంకా అయిపోలేదు.

సార్ మా బడికి వచ్చేసరికి పెద్ద డిజిటల్ బోర్డు అప్పటికే వచ్చి ఉంది. అంతకు ముందున్న సార్లు దానికి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, పిల్లలు చెడగొడతారని దుప్పటి కప్పి ఉంచారు. నేను దానికి కోడలమ్మ అని పేరు పెట్టాను. ముసుగు తీయదు, మాట్లాడదు. వనపర్తి జిల్లా వీపనగండ్లలో రైతు ఇంట్లో పుట్టిన మనిషి యాదగిరి సార్. సైన్సు చెప్పేవాడు. సన్నగా, ఎప్పుడూ చొక్కా చేతులు మడిచి ఉండేవాడు. వచ్చిన రోజే ఆ దుప్పటి తీసి నా చేతికిచ్చి, "గిన్నెలు తుడ్వనీకె పనికొస్తది" అన్నాడు.

ఆయన పాఠం చెప్పే తీరు మొదట్లో నాకు అస్సలు నచ్చలేదు. పిల్లల మధ్యన బల్ల మీద కూర్చునేవాడు. ఒకరోజు ఎనిమిదో తరగతిలో, "మన ఊర్ల మీరు తెల్సుకోవాలనుకునేది ఒకటి చెప్పుండ్రి. ఈ ఏడాది మనం అదే పట్టుకుందం" అన్నాడు. "మీరే చెప్పుండ్రి సార్, రాసుకుంటం" అని ఒకడు పెన్ను తీశాడు. నేను కిటికీ దగ్గర గరిటె పట్టుకుని నవ్వుతున్నాను. అప్పుడు మా లావణ్య లేచి నిలబడింది. నా కూతురే.

"క్రాసింగ్‌కు పిల్లలే ఎందుకు పోవాలె సార్?" అని అడిగింది.

ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. ఆ ఏడాది మేం ఒక ఎకరం కౌలుకు పట్టి సీడ్ పత్తి వేయబోతున్నాం. పూత మొదలైన రోజు నుంచి లావణ్య బడి మానేసి చేనుకు రావాలని మా ఆయన కుర్మయ్య ముందు రోజే చెప్పేశాడు. రెండు నెలలేనట.

నేనే కిటికీలోంచి జవాబు చెప్పాను. "చిన్న వేళ్లు గావాలె బిడ్డా, గంతే."

సార్ నావైపు తిరిగాడు. "గది మీకెవరు చెప్పిండ్రు బాలమణమ్మా?"

"మా అమ్మ."

"ఆమెకు?"

"వాళ్లమ్మ."

"ఎవరన్న పెద్ద వేళ్లతోని చేసి చూసిండ్రా?"

"సార్, మీరు గిన్ని అడిగితే నా పప్పు మాడ్తది."

పిల్లలంతా గొల్లుమన్నారు. సార్ కూడా నవ్వాడు. "పప్పు దించి రాండ్రి. మేం ఆగుతం" అన్నాడు. నేను పోయి పప్పు దించి, పొయ్యి తగ్గించి, చేతులు కడుక్కుని, కావాలనే ఇంకా కొంచెం ఆలస్యం చేసి వచ్చాను. తరగతంతా అట్లాగే కూర్చుని ఉంది. నా కోసమే. నా నోటి నుంచి జోకు కోసం ఎదురుచూసినవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు. జవాబు కోసం ఎదురుచూసిన మనిషి ఆయనే మొదలు. "లేదు సార్, ఎవ్వరు చేసి చూడలే" అని చెప్పాను, కొంచెం చిన్నగా.

అట్లా మొదలైంది ఆ ప్రాజెక్టు. మేం వాన కోసం ఆగి ఇంకా విత్తకముందే, మా చేనుకు తెచ్చిన గింజల్లో కొన్ని తీసుకపోయి బడి వెనక రెండు సాళ్లు ఆడ పత్తి, ఒక సాలు మగ పత్తి పెట్టారు. పూత వచ్చినాక పిల్లలు చేసిన పువ్వులకు ఎర్ర దారం, పెద్దవాళ్లు చేసిన పువ్వులకు నీలం దారం కట్టాలి. రోజూ ఒకే వేళకు ప్రతి పువ్వునూ ఫోన్‌తో ఫోటో తీసి, బోర్డు మీద గళ్లు గీసి అందులో పెట్టాలి. ఇదంతా సార్ చెప్పింది కాదు, పిల్లలే కొట్లాడుకుని తేల్చుకున్నారు. దారం రంగుల మీదనే ఒక పూటంతా గొడవ.

మొదటిసారి అంతా పాడైంది. ఎర్ర దారాలు, నీలం దారాలు అన్నీ రాలిపోయి నేల మీద పడి ఉన్నాయి. పిల్లల మొహాలు చూడలేకపోయాను. మా కాలంలోనైతే ఈపాటికి బెత్తం చప్పుడు వినపడేది. సార్ బోర్డు మీద ఫోటోల గళ్లు తెరిచి పక్కకు నిలబడ్డాడు. పిల్లలు ఒక్కొక్క గడి చూసుకుంటూ పోయారు. శనివారం సాయంత్రం మొగ్గలు ఒలిచిన ఫోటోలు ఉన్నాయి. దాని పక్క గడి ఖాళీ. ఆ పక్కన సోమవారం, ఎండిపోయిన కాడలు.

"ఆదివారం సెలవు గద సార్!" అన్నాడు ముందు బల్ల పిల్లాడు, అప్పుడే మేలుకున్నట్టు.

నేను ఆగలేకపోయాను. "పత్తి పువ్వుకు ఆదివారం సెలవుంటదని ఏ పుస్తకంల రాసింది బిడ్డా?"

చేను మీద పుట్టి పెరిగిన పిల్లలే అందరూ. ఇంటి దగ్గరైతే కలలో కూడా చేయని తప్పు. బడి గేటు లోపలికి వచ్చేసరికి పువ్వు కూడా బడి గంటను బట్టి నడుచుకుంటుందని అనుకున్నారు పాపం. సార్ అడిగింది ఒక్కటే మాట. "ఆదివారం గేటు తాళం ఎవరి దగ్గరుంటది?" అందరూ నావైపు చూశారు. ఆ తర్వాత ఆదివారాలు నాకూ సెలవు లేకుండా పోయింది.

రెండోసారికి పెద్దవాళ్ల వేళ్లు ఇంకా కావాలన్నారు పిల్లలు. నేనున్నాను, సార్ ఉన్నాడు. "మా నాయిన వేళ్లంత లావు వేళ్లు ఊర్ల ఎవరికి లెవ్వు" అంది లావణ్య. నిజమే. కుర్మయ్య బొటనవేలు చూస్తే నాకెప్పుడూ అరటికాయ బజ్జీ గుర్తొస్తుంది. ఆ సాయంత్రమే సార్ మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"కుర్మన్నా, నీ వేళ్లు జర బడికి కిరాయికి ఇస్తవా?"

"ఏంది సార్ పరాచికం? గది ఆడపిల్లల పని. మొగోని వేలుకు కాయ నిలబడ్తదా?"

"నాకు గూడ తెల్వది. అందుకే వచ్చిన."

కుర్మయ్యకు పంతం వచ్చింది. "వస్త. కాదని చూపియ్యనీకె వస్త. నా వేలుకు గిట్ల కాయ నిలబడితే నా బిడ్డను బడి మాన్పియ్య. నిలబడకపోతే మీరు మళ్ల మా ఇంటికి రావొద్దు."

లావణ్య గుమ్మం దగ్గర చెంబు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. సార్ తల అడ్డంగా ఊపాడు. "పందెం వద్దు కుర్మన్నా. నిలబడకపోతే ఇంకో తొవ్వ ఎతుకుదం. బిడ్డను దాని మీద పెట్టొద్దు." ఆ మాట కుర్మయ్య విన్నాడో లేదో గానీ నేను విన్నాను. అన్నం తింటున్నప్పుడు కూడా నా చెవిలో అదే ఉంది.

తెల్లవారి బడి వెనక పిల్లలంతా గుమిగూడారు. కుర్మయ్య మగ పువ్వు పట్టుకుని వంగాడు. మొదటి కాడ పుటుక్కున విరిగింది. "చూసినవా సార్?" అన్నాడు. గెలిచినవాడి గొంతు కాదు అది. ఎవరో తిడితే చిన్నబోయినట్టు ఉంది. సార్ "ఇంకోటి" అన్నాడు. అదీ విరిగింది. లావణ్య ముందుకు వచ్చి వాళ్ల నాయిన పక్కన కూర్చుంది. "నాయినా, కర్ర పట్టినట్టు పట్టకు. మన లేగదూడ చెవు పట్టుకుంటవు సూడు, గట్ల పట్టు."

కుర్మయ్య ఇంకో మగ పువ్వు తీసుకున్నాడు. తర్వాత ఊపిరి బిగబట్టి, వేలు ఆనీ ఆననట్టు రుద్దాడు. కాడ విరగలేదు. ఇంకోటి. ఇంకోటి. నీలం దారాలు లావణ్యే కట్టింది.

సార్ దగ్గర ఫోన్‌కు తగిలించే చిన్న భూతద్దం ఉండేది. కుర్మయ్య చేయి కడుక్కోబోతే ఆపి, ఆ బొటనవేలును దాని కింద పెట్టించి బోర్డు మీద చూపించాడు. గోడంత వేలు. నెర్రెలిచ్చిన చేను లాంటి చర్మం, ఆ నెర్రెల్లో పసుపుపచ్చ ఉండలు, ఒక్కొక్క దానికి చుట్టూ ముండ్లు. "పల్లేరు కాయలు!" అని అరిచాను. పుప్పొడి. నా చిన్నప్పటి నుంచి నా వేళ్లకు అంటుకున్నదే, చీరకు తుడుచుకుని పారేసిందే. అది అంత అందంగా ఉంటుందని నాకెవరూ చూపించలేదు. ఏదో ఒక జోకు వేద్దామని నోరు తెరిచాను. ఏమీ రాలేదు. పక్కకు చూస్తే కుర్మయ్య కూడా బోర్డు మీది తన వేలినే చూస్తున్నాడు, అది ఎవరిదో అన్నట్టు.

ఆ తర్వాతి రోజులు నాకు ఎట్లా గడిచాయో నాకే తెలుసు. చివరికి ఒక పొద్దున పిల్లల కేకలు విని గరిటెతోనే పరుగెత్తాను. ఎర్ర దారాల్లో కొన్ని రాలాయి, కొన్ని నిలబడ్డాయి. నీలం దారాల్లోనూ అంతే, కొన్ని రాలాయి, కొన్ని నిలబడ్డాయి. కుర్మయ్య కట్టించుకున్న దారాల పక్కన శనగ గింజంత పచ్చటి కాయలు.

"ఎవరు గెలిచినట్టు సార్?" అని అడిగాను.

"గెలుపు సంగతి పక్కన పెట్టుండ్రి. ఇది రెండు సాళ్ల ముచ్చట, ఊరు మొత్తంది గాదు. కానీ చిన్న వేళ్లు లేకపోతే కాయే పట్టదన్నది మాత్రం అబద్ధమైంది" అన్నాడు సార్. కుర్మయ్య గొంతుక్కూర్చుని ఒక కాయను వేలితో తిప్పి తిప్పి చూశాడు. లేచి, దుమ్ము దులుపుకుని ఇంటికి పోయాడు. పూత మా చేనులో కూడా మొదలైంది. రేపు లావణ్య బడికా, చేనుకా అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

తెల్లారి లేచి చూస్తే పక్కన మనిషి లేడు. చేనుకు పోయాను. ఆడ చెట్ల సాలులో, నా పాత తుండు తలకు చుట్టుకుని, వంగి, లేగదూడ చెవులు పట్టుకుంటున్నాడు మా ఆయన.

"లావణ్యను చేనుకు తోల్కరాకు. బడికి యాళ్లయితది" అన్నాడు తల ఎత్తకుండా. ఇంకో పువ్వు రుద్ది, "నలుగుర్ల చెప్పకు" అన్నాడు.

"నేనెందుకు చెప్త!" అన్నాను. బడిలో పొయ్యి వెలిగించేలోగా ముగ్గురికి చెప్పాను.

ఊరంతా మారిందంటే అబద్ధం. ఇంకో ఇద్దరు ముగ్గురు మగవాళ్లు సాళ్లల్లో దిగారు. కొందరు నవ్వారు, కొన్ని బల్లలు ఖాళీగానే ఉన్నాయి. ఆ ఖాళీ బల్లల వైపు చూసినప్పుడు సార్ చాయ్ సగమే తాగేవాడు. పోయే రోజు కూడా పెద్ద ప్రసంగం ఏమీ చేయలేదు. కుర్మయ్య సంచి నిండా పల్లికాయ తెచ్చి బండికి కట్టాడు. ఆ రెండు చేతులనూ సార్ కాసేపు పట్టుకున్నాడు, అంతే. లావణ్య ఇప్పుడు వనపర్తిలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. ఫోన్ చేసిందంటే నన్ను ప్రశ్నలతో చంపుతుంది. సగానికి జవాబు తెలియదు నాకు. ఇద్దరం కలిసి వెతుక్కుంటాం.

మొన్న మా అత్త ఎల్లమ్మ, ఇంట్లో మరిచిపోయిన నా కళ్లద్దాలు ఇవ్వడానికి బడికి వచ్చింది. పిల్లలు బోర్డు మీద వేలితో బొమ్మలు గీస్తుంటే గుమ్మంలోనే నిలబడిపోయింది. "నేను గూడ ఒక గీత గీస్తనే" అంది నాతో, చిన్నగా. పిల్లలు వినేశారు. "అవ్వా, నీతోని కాదే!" అని నవ్వారు. ఆమె బోర్డు దగ్గరికి పోయి, కాలుతున్న పెనం ముట్టినట్టు వేలు అట్లా తగిలించి లాక్కుంది. ఏమీ పడలేదు. పిల్లలు మళ్లీ నవ్వారు. ఆమె చేయి కొంగులో దాచుకుంది. నా నాలుక చివర మంచి జోకే వచ్చి కూర్చుంది. మింగేశాను. ఆమె చేయి బయటికి తీసి, నా పైటతో వేలు తుడిచాను.

"ఇంకోసారి పెట్టు అత్తా. జర నిదానంగ. మేం యాడికి పోం."