కెమెరాలో నెరిసిన జుట్టు

బెంగళూరు హూడిలో మా ఆఫీసులో మామిడికాయలకు దీపాలు చేస్తామంటే మా అమ్మకు ఒకటే నవ్వు. అవి కంటికి కనిపించని దీపాలు. ఆ చిన్న ఎల్‌ఈడీల వెలుతురు మనకు తెలీదు, దానికోసమే చేసిన కెమెరాకు తెలుస్తుంది. నీళ్లున్న చోట నల్లగా పడుతుంది. తొక్క కింద కాయ నలిగి ఉంటే అక్కడొక నల్లమచ్చ. అంతే మా విద్య.

ఒక మధ్యాహ్నం నేను మర్చిపోయిన టిఫిన్ డబ్బా ఇచ్చేదానికి చెల్లి వచ్చింది. "అక్కా, నన్నూ పెట్టు ఆ కెమెరా ముందర" అని ఒకటే పోరు. పెట్టినాను. ఆ వెలుతురులో మనిషి చర్మం నల్లగా వస్తుంది, ఒంట్లో ఉండేది నీళ్లే కదా. నల్లజుట్టేమో తెల్లగా వస్తుంది. చెల్లి స్క్రీన్ చూసుకుని, "అయ్యో, పెళ్లి కాకముందే నన్ను ముసల్దాన్ని చేసేస్తివి కదక్కా!" అని పొట్ట పట్టుకుని నవ్వింది. "కదలకే కోతీ" అని తిట్టి ఫోటో తీసినాను.

ఆ ఎండాకాలంలో జ్వరమని ఆసుపత్రిలో చేరింది. మళ్లీ ఇంటికి రాలేదు.

నాకు ఏడుపు రాలేదు. వచ్చినోళ్లందరికీ కాఫీ కలిపి ఇచ్చినాను. కె.ఆర్.పురం ట్రాఫిక్‌లో ఆఫీసుకు పోయినాను, వచ్చినాను. "మనసు రాయి చేసుకోవద్దే పాపా, ఏడ్చు" అని అమ్మ బతిమాలతా ఉండె. రాయి కూడా లేదు అక్కడ, ఏమీ లేదు. అది ఆమెకెట్ల చెప్పేది?

మొన్న మా మేనేజర్ వచ్చి, పాత టెస్ట్ ఫోటోలన్నీ సాయంత్రానికి తీసేస్తాము, కావాల్సినవి ఉంటే చూసుకో అన్నాడు. ఆ పొద్దు తీసిన చెల్లి ఫోటో అక్కడ తప్ప ఇంకెక్కడా లేదు. తెరిచేదానికి చేయి రాలేదు. పోతే పోనీలే అని కూడా అనిపించింది, నా మొహం మండ! కడకు చూడకుండానే ఫోన్‌లోకి ఎక్కించుకున్నాను.

ఇంట్లో అమ్మ అనపకాయలు ఒలుస్తా ఉండాది. ఫోన్ ఆమె ముందర పెట్టినాను.

అమ్మ కళ్లద్దాలు సర్దుకునె. "ఇది మా అమ్మ కదే! ఈ ఫోటో నీకెక్కడ దొరికె?"

"అమ్మమ్మ కాదమ్మా. చెల్లి."

నమ్మలేదు. ముక్కు దగ్గరికి తెచ్చుకుని చూసె. బుగ్గమీది సొట్ట చూసి గుర్తుపట్టె. స్క్రీన్ మీదనే ఆ జుట్టు నిమిరె.

"జుట్టంతా ఎట్ల నెరిసిందో చూడే," అనె. "ముసలితనంలో ఎంత బాగుండాది నా బిడ్డ."

అప్పుడొచ్చింది నాకు ఏడుపు.