వేడినీళ్లకు నాలుగు మార్కులు

1966 జూన్‌లో గుంటూరు దగ్గరి ఒక ప్రభుత్వ పరిశోధన క్షేత్రంలో రీసెర్చ్ అసిస్టెంట్‌గా చేరాను. పత్తి, మిరప తప్ప ఎరగని ఆ క్షేత్రానికి అదే ఏడు సోయాచిక్కుడు గింజలు వచ్చాయి. దేశంలో మాంసకృత్తుల కొరతను మేము తీర్చాలని పైవారు నిర్ణయించారు. మమ్మల్ని అడిగి నిర్ణయించే అలవాటు అప్పటికి లేదు, తర్వాతా రాలేదు.

పంట బాగానే పండింది. తినేవాళ్లే దొరకలేదు. ఉడికిస్తే ఒకటే పసరు వాసన. దర్శి వైపు మా ప్రయోగానికి అరెకరం ఇచ్చిన రైతు వెంకయ్యగారు గింజను కొరికి చూసి, "ఇది మనుషులు తినేదాండీ, గొడ్లు తినేదాండీ?" అని అడిగారు. పరిశోధనలో ఉందని చెప్పాను. మా శాఖలో దేనికైనా చెల్లే జవాబు అది.

వాసన తక్కువున్న రకాన్ని ఎంచడం నా పని. మూడేళ్లపాటు మంచి మొక్కలను ఒక్కొక్కటిగా ఏరి, విడిగా కోసి, విడిగా నూర్చి, చివరికి ఆరు రకాలు మిగిల్చాను. వాటిలో మొదటినుంచీ పద్నాలుగో నంబరుగా ఉన్న రకం మీదే నా ఆశంతా. గింజను రుబ్బినప్పుడు అందులోని నూనెకు గాలి సోకి పుట్టే ఆవిరులే ఆ పసరు వాసన. వాటిని విడదీసి కొలిచే గ్యాస్ క్రొమాటోగ్రాఫ్ మాకు మంజూరైంది. యంత్రం రాలేదు గాని, దాని మీద కప్పాల్సిన గుడ్డ వచ్చింది. కాబట్టి ముక్కులతోనే కొలవమన్నారు.

పద్ధతి కాగితం మీద చక్కగా ఉంది. నానిన గింజలు రుబ్బి, వడగట్టి, పాలు కాస్తారు. రంగు చూసి మోసపోకుండా మూత పెట్టిన కప్పుల్లో ఇస్తారు. మూతకున్న రంధ్రం దగ్గర వాసన చూసి, అసలు లేకపోతే సున్నా, భరించలేకపోతే ఐదు, ఆ మధ్యలో తోచినంత మార్కు వేయాలి. ఒకరి మార్కు ఇంకొకరికి తెలియకూడదు. ముక్కుల కమిటీలో ఐదుగురం. సూపరింటెండెంట్ గారు, మిరప విభాగం వాళ్లు ఇద్దరు, హెడ్ గుమాస్తా, నేను. సూపరింటెండెంట్ గారు గంటకోసారి నశ్యం పీల్చేవారు. మిరప వాళ్ల ముక్కులు వాళ్లకంటే ముందే రిటైరయ్యాయి. పరీక్ష గదికి గోడ అవతలే మిరపకాయల గోదాము.

పాలు కాచేది మస్తాన్‌బీ, క్షేత్రంలో రోజుకూలీ. పరీక్షకు ముందు వారమంతా ఆమె చేత కాయించి చూశాను. మిగతా రకాల పాలన్నీ కుడితి తొట్టిలో పోసి, పద్నాలుగో నంబరు మాత్రం ఇంటికి పట్టుకెళ్లేది. ఎందుకని అడిగాను.

"మా పిల్లలు ఇదొక్కటే తాగుతున్నారండి. మిగతావి దగ్గరికి తెస్తేనే ముక్కు మూసుకుంటున్నారు," అంది.

నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. అయినా నోట్‌బుక్‌లో రాయలేదు. ఆ పిల్లలు కమిటీ సభ్యులు కారు.

1969 వేసవిలో పరీక్ష జరిగింది. సూపరింటెండెంట్ గారు మొదటి కప్పు వాసన చూసి, "మూడు," అని పైకే అన్నారు. అందరం మూడు వేశాం. మా శాఖలో వాసన కూడా హోదా ప్రకారమే కిందికి దిగేది. పద్నాలుగో నంబరు దగ్గర ఆయన మొహం చిట్లించి, "అబ్బే, నాలుగు. బాగా పసరు," అన్నారు. నాకు ఏ వాసనా తగల్లేదు. ఆయన నా కాగితం వైపే చూస్తున్నారు. నాలుగు వేశాను.

మధ్యాహ్నం కప్పులు కడుగుతూ మస్తాన్‌బీ గొంతు తగ్గించి చెప్పింది. "పద్నాలుగో నంబరు పాలు పొంగి పొయ్యిలో పోయాయండి. ఖాళీ కప్పు పెడితే అయ్యగారు కోప్పడతారని వేడినీళ్లు పోశాను. ఏమన్నా తేడా వచ్చిందాండీ?"

ఏమీ రాలేదన్నాను.

మళ్లీ పరీక్ష పెట్టమని అడగాలంటే, అయ్యా, తమరు పసరు వాసన పట్టింది వేడినీళ్లలో అని చెప్పాలి. సూపరింటెండెంట్ గారి గది గుమ్మం దాకా వెళ్లాను. ఏమిటన్నారు. ఒక రోజు క్యాజువల్ లీవు కావాలన్నాను. వెంటనే ఇచ్చారు.

ఐదుగురి మార్కులూ అక్షరాలా ఒక్కటే కావడం పద్ధతి ఎంత నమ్మదగినదో చూపుతోందని నివేదికలో ఉంది. రాసింది నేనే. పద్నాలుగో నంబరును తిరస్కరించారు. ఉన్న విత్తనమంతా క్షేత్రం ఎద్దుల దాణాలో కలిపారు. వెంకయ్యగారి ప్రశ్నకు అలా జవాబు దొరికింది.

నిజం చెబితే మస్తాన్‌బీకి కూలిపని పోతుందనే ఊరుకున్నానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. భయపడింది నా ప్రమోషన్ గురించి. ఆ తర్వాతి వారం ఆమె వచ్చి, పద్నాలుగో నంబరు మళ్లీ ఎప్పుడు కాయిస్తారండీ, పిల్లలు అడుగుతున్నారు, అంది. పరిశోధనలో ఉందని చెప్పాను.

తర్వాత నేనే సూపరింటెండెంట్‌నయ్యాక మార్కులు అందరికంటే చిన్న ఉద్యోగితో మొదలుపెట్టించి, నావి చివర వేసేవాణ్ణి. ప్రతి పరీక్షలో ఎవరికీ చెప్పకుండా ఒక కప్పులో వేడినీళ్లు పోయించేవాణ్ణి. దానికి సున్నా వేసినవాళ్లు తక్కువే. మిగతావాళ్లను మందలించే అర్హత నాకు లేదు కాబట్టి, వాళ్ల కాగితాలు పక్కన పెట్టి ఊరుకునేవాణ్ణి.