ఎడమ చేతి రక్తం

మా ఆయన పోయిన రెండో ఏడు, సంక్రాంతితో మొదలయ్యే తమిళుల తై నెలలో, అన్నూరులోని ఒక ఆడవాళ్ల ఆస్పత్రిలో రక్తపరీక్షల గదికి ఆయాగా చేరాను. మోకాళ్లు మొరాయించేదాకా అక్కడే చేశాను. వచ్చినవాళ్లను కూర్చోబెట్టడం, చేతికి రబ్బరు పట్టీ కట్టడం, తీసిన రక్తం ట్యూబును పక్క గదిలో మిషను దగ్గర పెట్టడం నా పని. రక్తం తీసి పేరు చీటీ అంటించేది టెక్నీషియన్ ప్రభు. నాకు అంకెలు వస్తాయి, పేర్లు చదవడం రాదు. అందుకని ఒకరి ట్యూబు పెట్టి వచ్చేదాకా ఇంకొకరిది ముట్టేదాన్ని కాదు. "ఏమక్కా, ఇన్నిసార్లు నడిస్తే ఈపాటికి పళని కొండ గుడికే చేరుకుందువే" అని ప్రభు నవ్వేవాడు.

ముట్లు నిలిచే వయసు వాళ్లకు మా డాక్టరమ్మ హార్మోను పరీక్ష ఊరికే రాసేది కాదు. ఆ వయసులో అది నేడొకటి, రేపొకటి చూపిస్తుంది, ఒళ్లు చెప్పేది వింటే చాలు అనేది. మేమంతా అమ్మిణి అని పిలిచే సరోజకు మాత్రం రాసింది. యాభై దాటిన మనిషి, ఇంటి పక్కనే మగ్గాల షెడ్డు. ఒంటికి రాసుకునే హార్మోను జెల్ మూడు నెలలు వాడినా ఆమెకు వేడి ఆవిర్లు, చెమట తగ్గలేదు. మందు ఒంట్లోకి ఇంకుతోందో లేదో చూడాలని పరీక్ష.

ఉండవలసిన దానికి ఎన్నో రెట్లు ఎక్కువ వచ్చింది. చెప్పినదానికంటే ఎక్కువ రాస్తున్నావా అని డాక్టరమ్మ నిలదీసింది.

"సత్తియంగా లేదు డాక్టరమ్మా. ఎక్కువుంటే ఈ చెమటేమిటికి పడతాది?" అంటూ సరోజ తడిసిన కొంగు చూపించింది.

అప్పుడు ప్రభు నా వైపు చూశాడు. చదువు రాని మనిషి ట్యూబు మార్చి ఉంటుందన్నాడు. వారం తరవాత మళ్లీ తీయాలని, ఈసారి మామూలుగా వస్తే మొదటిది నేను మార్చినట్టేనని, నన్ను పనిలోంచి తీసేయాలని తేల్చారు.

ఆ వారమంతా నాకు ఎవరి మీదా నమ్మకం లేదు. సరోజ దొంగచాటుగా రాసుకుంటోందనుకున్నాను. ప్రభు తన తప్పు నా మీదకు తోశాడనుకున్నాను. సరోజ కూడా వచ్చి కూర్చున్నాక నా ముఖం చూడలేదు, నా చేతులనే చూసింది.

ఎప్పటిలాగే ఎడమ చేతికి పట్టీ కట్టబోయాను. నా వేలు మోచేతి మడతలో అతుక్కుంది. ప్రభు ఇంకా స్పిరిట్ దూది తీయనే లేదు, అయినా స్పిరిట్ వాసన.

"అమ్మిణీ, ఇక్కడేం రాసినారు?"

"మందే, ఆ వాసన దానిదే. భుజానికో తొడకో రాయమన్నారు. ఇంటినిండా పనివాళ్లు, రవిక విప్పి ఆరేదాకా ఎట్ల కూర్చునేది? మోచేతి కాడ రాసుకుని బస్సెక్కినా, పోయినసారీ అంతే."

సూది దిగేది ఆ మందులోంచే, అది రక్తంలో కలుస్తుంది. నోరు మూసుకుంటే మళ్లీ ఎక్కువే వస్తుంది, నా ఉద్యోగం నిలుస్తుంది, ఆమెకు మందు ఆపేస్తారు. చెబితే చెయ్యి కడిగి తీస్తారు, ఫలితం తగ్గుతుంది, దొంగను నేనవుతాను. పట్టీ పక్కన పెట్టాను. తరవాత డాక్టరమ్మను పిలిచాను. రెండు చేతుల్లోనూ తీయించండి, కుడి చెయ్యి సబ్బుతో కడిగించి తీయండి, ట్యూబులు రెండూ ప్రభే మోయనీ, నేను ముట్టను అన్నాను.

ఎడమ చేతిది ఆకాశానికెక్కింది. కుడి చేతిది చాలా తక్కువ. ఒకే మనిషి, ఒకే పూట. డాక్టరమ్మ జెల్ మాన్పించి, నడుము కింద ప్లాస్టరులా అంటించే మందు బిళ్ల ఇచ్చింది. రెండు నెలలకు సరోజ పొడి కొంగుతో వచ్చింది. ప్రభు పళని మాట మళ్లీ ఎత్తలేదు.

పరీక్ష పనికిరాదని నేననను. ఆమె మందు ఇంకడం లేదని చెప్పింది ఆ కుడి చేతి ట్యూబే. కానీ కాగితం ఒకటి చెప్పి ఒళ్లు ఇంకొకటి చెబితే, మనిషిని అనుమానించే ముందు రక్తం ఎక్కడ తీశారో అడగాలి. ఆ తరవాత "ఈ చేతికేమైనా రాశారా" అని అడగకుండా నేను ఎవరికీ పట్టీ కట్టలేదు.