మినిట్స్ బుక్కులో లేని కుట్టు టీచరు

1994 జనవరి. సికింద్రాబాద్‌లోని ఒక మిషన్ బాలికల పాఠశాలలో నేను ఆఫీసు సూపరింటెండెంటును. స్వర్ణోత్సవానికి గేటు దగ్గర పాలరాతి ఫలకం పెట్టాలన్నారు. దానిపై పాఠశాల మాటో, అంటే ఆదర్శవాక్యం: ‘ఓరా ఎట్ లబోరా’. ప్రార్థించు, పనిచేయి. ఈ లాటిన్ వాక్యాన్ని బెనెడిక్ట్ అనే సన్యాసికి ఆపాదిస్తారు. ఆయన నియమావళిలో అది యథాతథంగా లేదు. మాకు దాన్ని ఇచ్చింది తొలి దొరసాని ప్రిన్సిపాల్ అని చెక్కించాలని కరస్పాండెంట్, అంటే యాజమాన్య ప్రతినిధి, నిర్ణయించారు.

ఆ సంగతి విని, రిటైరైన కుట్టు టీచరు కరుణమ్మ గారు నేరేడ్‌మెట్ నుంచి రెండు బస్సులు మారి వచ్చారు.

“హాస్టల్లో వంటపని చేసే పిల్లలకి పొద్దున ప్రార్థనలో రోజూ ఆబ్సెంటు వేసేవారు బాబూ. పొయ్యి దగ్గరుంటే దేవుడి దగ్గర లేనట్టేనా అని నాకు ఒళ్లు మండింది. ఓ పాత ఎంబ్రాయిడరీ పుస్తకంలో ఈ మాట దొరికితే, గుడ్డ మీద కుట్టి వంటింట్లో తగిలించాను. కమిటీవాళ్లు అడిగితే అర్థం చెప్పాను. దాన్నే మాటో చేశారు, ఆబ్సెంట్లు మానేశారు. నాదని చెప్పుకునేది అదొక్కటే. అదీ దొరసానిదేనా?”

కోపంతో కరస్పాండెంట్ గదికి వెళ్లాను. ఆయన మినిట్స్ బుక్కును, అంటే కమిటీ తీర్మానాల పుస్తకాన్ని, నా ముందుకు తోశారు.

“1958 తీర్మానం చూడుండ్రి. ప్రిన్సిపాల్ ప్రతిపాదించిన్రు అనే ఉంది. కరుణమ్మ పేరు యాడుంది? ముసలామె పరేషానైతుందని రాయి మీద చెక్కిస్తమా?”

పేరు లేదు. దస్తూరీ నాది.

ఇంటికి వెళ్లి పాత డైరీ తీశాను. 1976 ఆగస్టు 11: ‘చెదలు తిన్న మినిట్స్ బుక్కుకు ఫెయిర్ కాపీ పూర్తి. నియమం ప్రకారం, సభ్యులు కాని నలుగురి పేర్లు తొలగించాను. పాతది తగలబెట్టించాను. నీటుగా వచ్చింది.’ పక్కనే రాసుకున్న ఆ నలుగురిలో మొదటి పేరు కరుణమ్మ. నా కోపానికి అసలు చిరునామా నాకే దొరికింది.

డైరీ చూపితే కరస్పాండెంట్ నవ్వారు. “డైరీ మీ ఇంటిది, బుక్కు స్కూల్ది. ఇగ వదిలేయుండ్రి.”

ఫలకం ఆయన చెప్పినట్టే వెలిసింది. దాని ముందు నిలబడే కరుణమ్మ గారికి నిజం చెప్పాను. ఆమె చివరి అక్షరం దాకా చదివి, “అయితే నాకు ఆబ్సెంటు వేసింది మీరన్నమాట,” అన్నారు.

మర్నాడు మినిట్స్ బుక్కు మార్జిన్‌లో ఎర్ర సిరాతో ఆమె పేరు రాసి, తేదీ వేసి సంతకం పెట్టాను. శుద్ధంగా రాసిన ప్రతి సత్యమైన ప్రతి కానక్కరలేదని నేర్చుకోవడానికి నాకు పదిహేడున్నరేళ్లు పట్టింది.

రికార్డు తారుమారు చేసినందుకు సంజాయిషీ కోరుతూ మెమో వచ్చింది. ఒక్క వాక్యంలో జవాబిచ్చాను: తారుమారు 1976 ఆగస్టు 11న జరిగింది, ఇప్పుడు జరిగింది సవరణ.