ఆరోగ్యానికి పది పేర్లు

దోన్కా వెల్కోవా తన బతుకులో చెప్పుకోదగ్గది ఏమీ లేదని తనే అనేది. కొండపల్లెలో పుట్టింది, నాలుగో తరగతిదాకా చదివింది, పెళ్ళయి సోఫియా వచ్చింది. మొగుడు దగ్గుతో పోయాడు. ఒక్కగానొక్క కొడుకు స్పాస్‌ని పెంచి పెద్దచేస్తే రాజుగారి సైన్యం పట్టుకుపోయింది. మిగతాదంతా పొయ్యిలే. యుద్ధంలో చేరని ఏదో చలిదేశంవాళ్ళ దౌత్య కార్యాలయంలో పదకొండు గదులు, పదకొండు పొయ్యిలు. దొరలు వచ్చేలోపు బూడిద ఎత్తి, బొగ్గు వేసి, అన్నీ రాజేసి ఉంచాలి. ఇంతవరకూ చెప్పి, "ఇంకేముంది నా మొహం!" అని నవ్వేసేది. నడుమ ఒక శీతాకాలం గూఢచారిగా పనిచేసిన సంగతి మాత్రం చెప్పేది కాదు. దాచాలని కాదు. అది గూఢచారి పనో, పుణ్యమో, పాపమో ఆవిడకే తేలలేదు.

అంతా గోడమీది కాగితాలతో మొదలైంది. మా ఊళ్ళో మనిషి పోతే ఫొటోతో ఒక కాగితం అచ్చువేయించి ఇంటి తలుపుకీ, వీధి చెట్టుకీ, చర్చి గోడకీ అంటిస్తాం. పోయిన రోజున ఒకటి, నలభయ్యో రోజున ఒకటి, ఏడాదికి మరొకటి. దోన్కా పనికి వచ్చే దారిలో ప్రతి కాగితం దగ్గరా ఆగేది. చదవకుండా దాటిపోతే ఎదురొచ్చిన మనిషిని పలకరించకుండా పోయినట్టు ఆవిడకి. పైగా ఆ శీతాకాలం మరో బెంగ తోడయింది. సెర్బియా కొండల్లో ఉన్న స్పాస్ దగ్గర్నుంచి క్రిస్మస్ తర్వాత ఉత్తరం లేదు. సైన్యం కార్యాలయానికి వెళ్తే "కబురు వస్తే మేమే చెప్తాం, పో" అన్నారు. అందుకే పడుచువాడి ఫొటో కనబడితే చాలు, వాడి దళం స్పాస్ దళమేనేమోనని ముందు ఆ వరసే వెతికేది.

ఒక పొద్దున పొయ్యి ఆలస్యంగా రాజుకుంది. రెండో కార్యదర్శి లిండర్ చేతులు రుద్దుకుంటూ కూర్చున్నాడు. పొడుగాటి మనిషి, మెత్తనివాడు. పుస్తకం చూసి మా భాష నేర్చుకున్నందువల్ల అందరినీ 'మీరు' అనేవాడు, వంటింటి పిల్లితో సహా.

"తప్పయిపోయిందయ్యా. దారిలో ఇద్దరు కొత్తవాళ్ళు పోయారు, చదువుతూ నిలబడిపోయాను."

"సైనికులా?"

"ఒకడు సైనికుడే. ఇరవై రెండేళ్ళు, పాపం."

లిండర్ చేతులు రుద్దుకోవడం ఆపాడు. "దోన్కాగారూ, అలాంటివాళ్ళ పేర్లు నాకు రాసి ఇస్తారా? పేరు, వయసు, ఏ దళం, ఎక్కడ పోయాడు."

ఎందుకని ఆవిడ అడగలేదు. ఆవిడకి ఒక్క కారణమే తెలుసు. చనిపోయినవాళ్ళ పేర్లు కాగితం మీద రాసేది ఎందుకు? చర్చిలో చదివించడానికి. ఈ దొర తనవాళ్ళ సమాధులకి దూరంగా ఉన్నాడు, ఎవరో ఒకరి కోసం ప్రార్థన చేసుకోవాలని ఉండదూ! ఎంత దయగల మనిషి అనుకుని కళ్ళు తుడుచుకుంది. ఆ రోజు నుంచీ వారానికి ఒక జాబితా ఆయన బల్ల మీద పెట్టేది. పైన 'ఆత్మశాంతికి' అని రాసి, శిలువ గుర్తు వేసి మరీ ఇచ్చేది.

ఈస్టరు ముందరి పెద్ద ఉపవాసాలు మొదలయ్యేలోపు, చనిపోయినవాళ్ళని తలుచుకునే శనివారం వచ్చింది. దోన్కా ఉడికించిన గోధుమల్లో పంచదార, అక్రోట్లు కలిపి ఒక గిన్నెడు లిండర్‌కీ తెచ్చింది. "మీ పేర్లవాళ్ళ కోసమయ్యా. తినాలి." ఆయన మొహం ఎర్రబడింది. అయినా తిన్నాడు.

"చర్చికి ఇచ్చే కాగితాలు రెండు రకాలు," అని తింటున్నంతసేపూ ఆవిడ పాఠం చెప్పింది. "బతికున్నవాళ్ళది ఆరోగ్యానికి, పోయినవాళ్ళది శాంతికి. కలపకూడదు. బతికున్నవాణ్ణి పొరపాటున పోయినవాళ్ళ కాగితంలో రాస్తే మనమే వాణ్ణి గోతిలోకి తోసినట్టు. మా పక్కింటావిడ అలాగే రాసింది, తమ్ముడు వారం తిరక్కుండా పోయాడు."

మరుసటి సోమవారం ఆయన గదిలో బొగ్గు వేస్తుంటే బీరువా తలుపు తెరిచి ఉంది. లోపల సెర్బియా కొండల పటం, దానికి గుచ్చిన ఎర్రతలల గుండుసూదులు, పక్కనే తన చేతిరాత. దళాల వారీగా కత్తిరించి అంటించిన తన పేర్లు. శిలువలన్నీ కత్తెరలో పోయాయి. దోన్కా బొగ్గు డబ్బా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇదేం ప్రార్థన? వాళ్ళ దేశంలో పటానికి మొక్కుతారా? అడుగుదామంటే భయం, అడగకపోతే అనుమానం. ఆఖరికి తలుపు మూసి, పొయ్యి రాజేసి వచ్చేసింది.

ఆ వారమే రొట్టెల దుకాణం వరసలో తోమోవ్ ఆవిడ వెనకాల చేరాడు. రహస్య పోలీసు. అది రహస్యం కాదని మా పేటలో తెలియనిది తోమోవ్ ఒక్కడికే.

"ఏం అత్తా, నీ దొరకి శవాలు అమ్ముతున్నావట?"

"నోరు కడుక్కో బాబూ. గోడమీద అందరూ చదివేదే రాసిచ్చాను. ప్రార్థనకి."

"ప్రార్థనకా!" తోమోవ్ ఇకిలించాడు. తర్వాత బుర్ర గోక్కున్నాడు. గోడమీది కాగితం రహస్యం ఎలా అవుతుందో అతనికీ సరిగ్గా తెలియలేదు. "అదంతా నాకెందుకు. ఈ వారం నువ్వు ఈ పేర్లు ఇవ్వాలి. అన్నీ ఉత్తుత్తి చావులే. నీ దొర లెక్క తప్పాలి, అంతే. ఇవ్వకపోతే జైల్లో పొయ్యిలు కూడా ఉండవు, చూసుకో."

అతను చేతిలో పెట్టిన కాగితాన్ని దోన్కా విప్పింది. పది పేర్లు. ఏడోది: స్పాస్ వెల్కోవ్.

చేతిసంచి కింద పడిపోయింది. "వీడు నా కొడుకు! నా స్పాస్!"

తోమోవ్ తడబడ్డాడు. "నాకేం తెలుసు? పది పేర్లు పుట్టించే ఓపిక ఎవరికుంది? సైన్యంవాళ్ళు పంపిన కాగితం ఒకటి మా బల్ల మీద పడి ఉంటే పైనుంచి కిందికి దించేశాను. అంటే దళంలో ఉన్నట్టే కదా, బతికే ఉన్నట్టే కదా! సంతోషించవేం?"

సంతోషించాలో ఏడవాలో దోన్కాకి తెలియలేదు. కొడుకు బతికున్నాడన్న మొదటి కబురు చచ్చినవాళ్ళ జాబితాలో వచ్చింది. ఇప్పుడు ఆ పేరు తన చేత్తోనే శాంతి కాగితంలో రాయాలి. రాయకపోతే జైలు. జైలుకి పోతే వాడు తిరిగొచ్చేసరికి తలుపు తీసేదెవరు?

మర్నాడు పనికి వెళ్ళేముందు వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. అలవాటుగా 'ఆత్మశాంతికి' అని మొదలుపెట్టబోయి చెయ్యి ఆపుకుంది. పది మందీ ఎవరో తల్లుల బిడ్డలే. పైన 'ఆరోగ్యానికి' అని రాసి, కింద పది పేర్లూ పొందిగ్గా రాసింది. తోమోవ్ ఇమ్మన్నది ఇస్తోంది, దేవుడు వద్దన్నది చెయ్యడం లేదు. అంతవరకే ఆవిడ ఆలోచన.

లిండర్ కాగితం చూశాడు. పైమాట దగ్గర చూపు ఆగిపోయింది. కలం మూసి కింద పెట్టాడు.

"వీళ్ళు... బతికే ఉన్నారా?"

"ఉండాలయ్యా."

"ఈ సంగతి నాకు తెలియజేసినందుకు మీకు ఎంతో రుణపడ్డాను, దోన్కాగారూ."

"ఏ సంగతయ్యా?" అంది దోన్కా, నిజంగానే అర్థంకాక.

ఆయన నవ్వాడు. ఎంత తెలివిగా కబురందించింది ఈవిడ అనుకుని ఉంటాడు. కాగితం మడిచి, పటం ఉన్న బీరువాలో కాకుండా వేరే సొరుగులో పడేశాడు. ఏడో పేరు దగ్గర ఆవిడ వేలు పెట్టి "వీడు నా కొడుకు" అంటే, "అయితే క్షేమంగానే ఉన్నాడు, బెంగపడకండి," అన్నాడు. పోలీసూ అదే అన్నాడు, దొరా అదే అన్నాడు. ఇంతమంది పెద్దవాళ్ళు అబద్ధం చెప్తారా అని దోన్కా కడుపునిండా రొట్టె తింది, రెండు నెలల తర్వాత.

అదే కాగితాన్ని మళ్ళీ రెండుసార్లు రాసి, ఒకటి చర్చిలో ఇచ్చి, ఒకటి ఇంట్లో దేవుడి పటం వెనక పెట్టుకుంది. ప్రతి ఆదివారం స్పాస్‌తోపాటు ముక్కూమొహం తెలియని తొమ్మిదిమందికీ ఆరోగ్యం అడిగేది. పేర్లన్నీ నోటికి వచ్చేశాయి. పొయ్యిలు రాజేస్తూ వాటిని జపించేది. ఆగస్టులో లిండర్‌ని వాళ్ళ దేశం వెనక్కి పిలిపించుకుంది. పోతూ పోతూ ఆవిడ చేతిని ముద్దుపెట్టుకుంటే, మసి అంటుకుంటుందని దోన్కా గాభరాపడింది.

ద్రాక్ష కోతల రోజుల్లో స్పాస్ వచ్చాడు. కుంటుకుంటూ, గడ్డంతో, వేరేవాళ్ళ కోటు తొడుక్కుని. మంచులో కాలికి గుండు తగిలి పడి ఉంటే ఒక సెర్బు ముసలమ్మ గొర్రెల పాకలో దాచి బతికించిందట. దోన్కా ఏడ్చింది, తిట్టింది, చిక్కుళ్ళ పులుసు వడ్డించింది. వాడు రెండో గిన్నె తింటుంటే మురిపెంగా అడిగింది.

"మిగతావాళ్ళు కులాసానా నాన్నా? ఇలియా మింకోవ్, ద్రగన్ పీపెవ్, గెర్గీన్ తోషెవ్, ఆ స్తామెన్..."

స్పాస్ చెంచా కింద పెట్టాడు. "ఈ పేర్లు నీకెవరు చెప్పారమ్మా?"

"ఎవరైతేనేంలే. బాగున్నారా?"

"పదిమందిమి వెళ్ళాం లోయలోకి. జనవరిలో. నేనొక్కణ్ణే బయటపడ్డాను. నన్నూ చచ్చినవాళ్ళలోనే రాసుకుని ఉంటారు."

దోన్కా మనసులో లెక్క చూసుకుంది. ఉత్తుత్తి చావులని పోలీసు దించి ఇచ్చింది సైన్యంవాళ్ళ అసలు చావుల జాబితానే. నిజం తెలిసిందనుకుని దొర దాన్ని పక్కన పడేశాడు. నడుమ తను రాసిన ఒక్క మాట. ఎవరు ఎవర్ని మోసం చేశారో, తనెవరి పక్షాన ఉందో ఎంత తవ్వినా అందలేదు. అందిందల్లా ఒకటే. ఎనిమిది నెలలుగా ఆ తొమ్మిదిమందికి ఒక్క దీపమైనా పెట్టలేదు తను.

లేచి చేతులు కడుక్కుంది. దేవుడి పటం వెనకనుంచి కాగితం తీసి బల్లమీద పరిచింది. కొత్త కాగితం మీద శిలువ గుర్తు వేసి, తొమ్మిది పేర్లూ ఒక్కొక్కటే అందులోకి ఎక్కించి, పాతదాంట్లో ఒక్కొక్కటే కొట్టేసింది. స్పాస్ చూస్తూ కూర్చున్నాడు. ఆరోగ్యానికి అని రాసిన కాగితంలో చివరికి వాడి పేరు ఒక్కటే మిగిలింది.