పక్కపక్కన కూర్చుని నేర్చిన స్వాహిలి

ఎనభైల మధ్యలో అమీర్‌పేటలో రోజుకు అయిదు బ్యాచ్‌లకు లెక్కల ట్యూషన్ చెప్పేవాణ్ని. సాయంత్రానికి నా గొంతు చలికాలం పొద్దున స్టార్టవని స్కూటరులా గురగురమనేది. నేను మింగిన సుద్దపొడితో రెండు గదుల ఇంటికి వెల్ల వేయొచ్చు. అలాంటప్పుడు టాంజానియాలో ఒక బడికి లెక్కల మాస్టర్లు కావాలని పేపర్లో ప్రకటన పడింది. అక్కడి భాష స్వాహిలి నాలుగు ముక్కలు వచ్చి ఉండాలట. ఆ అయిదు బ్యాచ్‌ల నుంచి బయటపడడానికి నాకు కనిపించిన దారి అదొక్కటే. ఇంటర్వ్యూకి మూడు వారాలే ఉన్నాయి.

పంజగుట్టలో ఒక మేడ మీది గదిలో టాంజానియా నుంచి చదువుకోవడానికొచ్చిన కుర్రాడు ఉండేవాడు. వచ్చి రెండేళ్లే అయినా కోస్తావాణ్ణయిన నాకంటే బాగా ఇక్కడి తెలుగు మాట్లాడేవాడు. చివరి బ్యాచ్ వదిలాక అక్కడికి నడిచేవాణ్ని. ఆ మేడకు పద్దెనిమిది మెట్లే; నా మోకాళ్లు మాత్రం నూటపద్దెనిమిది లెక్కపెట్టేవి. గదిలో కుర్చీ లేదు. ఇద్దరం ఒకే నవారు మంచం మీద, సిటీబస్సు సీట్లో ప్రయాణికుల్లా గోడకేసి చూస్తూ కూర్చునేవాళ్లం.

"చూడన్నా, నా దగ్గరున్న కప్పుకు హికి. నీ దగ్గరున్నదానికి హిచో. ఇద్దరికి దూరమున్నదానికి కిలే. ముందుగాల ఎదుటోడు ఏడున్నడో చూడాలె, గప్పుడు నోరు తెరవాలె."

"మాకు ఇది, అది చాలుగా తమ్ముడూ!"

"మీది మస్తు అల్కగుంది. మాకు గీ మాటలు మనిషికొక తీరు, బండికొక తీరు సుత ఉంటయి. జర ఫికర్ చెయ్యకు, నువ్వు కప్పులు, కితాబులతోటే గడుపుకో. రెండిటికి ఒక్కటే తీరు."

మంచం మీద కప్పు పెట్టి హికి అన్నాను, గూట్లో కప్పు చూపించి కిలే అన్నాను. ఆవలింతల మధ్య హిచో కూడా వెయ్యిసార్లు వల్లించాను.

లక్డీకాపూల్‌లో ఒక హోటల్ గదిలో ఇంటర్వ్యూ. టాంజానియా నుంచే వచ్చిన పెద్దమనిషి క్రికెట్ ఆడుకోదగ్గ బల్లకు అవతల కూర్చున్నారు. నాకంటే ముందు ముప్పైమందిని చూశారేమో, ఆయన కళ్ల కింది సంచులు చెరో శేరు బియ్యం పట్టేలా ఉన్నాయి. ఆయన ముందు టీ కప్పు ఉంది. టీ ఏ కప్పులో ఉందో స్వాహిలిలో చెప్పమన్నారు.

"కికోంబె హికి!" అన్నాను ధైర్యంగా. అంటే, నా దగ్గరున్న కప్పు.

నా దగ్గర చెమట రుమాలు తప్ప ఏమీ లేదు. అప్పుడు వెలిగింది: మూడు వారాలూ ఒకే మంచం మీద పక్కపక్కన కూర్చున్నాం. నా దగ్గరున్నదల్లా వాడి దగ్గరా ఉన్నట్టే. ఎదురుగా ఉన్న మనిషి ముందున్న వస్తువును నేను ఒక్కసారీ హిచో అని పిలవలేదు!

ఆయన నావైపు వెతికి, నిట్టూర్చి, తన కప్పును బల్ల మీదుగా నా ముందుకు నెట్టారు. "ఇప్పుడు సరిపోయింది," అన్నారు ఇంగ్లీషులో.

తాగకూడదని తెలుసు. కానీ ఎంత అలసిపోయి ఉన్నానంటే, తాగేశాను. చల్లారిపోయి ఉంది.

తిన్నగా పంజగుట్టకే వెళ్లి చెప్పాను. కుర్రాడు మంచం ఊగేలా నవ్వాడు. ఉన్నట్టుండి ఆగిపోయాడు.

"తప్పు నాదే అన్నా. ఇంకోపారి దరఖాస్తు పెట్టు. గీసారి ఎదురుబొదురు కూసుందం."

"ఇంకోసారికి ఓపిక లేదురా," అన్నాను.

నెల తర్వాత కాదని ఉత్తరం వచ్చింది. మడిచి జేబులో పెట్టుకుని, అన్నాళ్లూ నేను వద్దు వద్దంటూ వచ్చిన ఆరో బ్యాచ్ పిల్లల్ని మర్నాటి నుంచి రమ్మన్నాను.